మెస్సు మిద్దె మీద మూడో అతుకు

ఉదయం ఎనిమిదీ పది, పోలీసు స్టేషను. ట్యాంకరు డ్రైవరు వెంకటరాముడితో మాట్లాడడానికి నాకిచ్చింది పది నిమిషాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు అతను వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి. ట్యాంకరులో మంచినీళ్ళకు బదులు ఉప్పునీళ్ళు నింపి తెచ్చింది తానేనని అందులో ఉంది. ఆ సంతకం పడిందంటే మాబు చావు అతని నెత్తినే పడుతుంది. ఫైలు ప్రాసిక్యూషన్‌కి వెళ్ళాక నేను ఎన్ని కాగితాలు పట్టుకుని తిరిగినా వినే నాథుడుండడు.

శనివారం ఉదయం ఆరూ యాభైకి, సముద్రం పక్కన కడుతున్న పంపుహౌసు సైటులో క్రేను ఒరిగింది. క్రేను నిలబెట్టడానికి చదును చేసిన నేల 'సి' మూలలో అడుగు లోతు కుంగిపోయింది. ఆ మూల దగ్గర నిలబడి కొలతలు తీస్తున్న సైటు ల్యాబు టెక్నీషియన్ మాబు అక్కడికక్కడే పోయాడు. ప్రొద్దుటూరు మనిషి, ముప్పై నాలుగేళ్ళు. ఆ కంపెనీకి బీమా ఇచ్చిన సంస్థ తరఫున కారణం కనిపెట్టడం నా ఉద్యోగం. నా పేరు విజయదుర్గ, మాది రాజోలు దగ్గర. పదకొండేళ్ళుగా కువైట్‌లో కూలినవీ కుంగినవీ కాలినవీ చూసి, ఎందుకని అడిగి జీతం తీసుకుంటున్నాను.

ఆ ఒడ్డు నేలని ఇక్కడ సబ్ఖా అంటారు. పైన ఉప్పు పెంకు కట్టి గట్టిగా కనిపిస్తుంది, లోపలంతా పెరుగు. దాని మీద క్రేను నిలవాలంటే మట్టిలో స్లాగ్ పొడి కలుపుతారు. ఇనుము కరిగించే కొలిమిలో తేలే చిట్టెం ఉంటుంది కదా, దాన్ని పిండిలా ఆడించిన పొడి అది. కాస్త సున్నం జోడించి, మంచినీళ్ళతో తడిపి, రోలరు తొక్కించి వారం రోజులు ఆరనిస్తే ఆ పెరుగే బండరాయి అవుతుంది. నీళ్ళు చెడ్డవైనా, పొడి చెడ్డదైనా బండ బండగా ఉండదు. కంపెనీ నీళ్ళ వైపు వేలు చూపించింది, ఎందుకంటే నీళ్ళు తెచ్చినవాడు ఎదురు చెప్పలేని మనిషి.

లోపలికి వెళ్ళబోతుంటే వరండాలో సోమేశ్వరరావుగారు ఎదురయ్యారు. పాలకొల్లు మనిషి, ఎప్పుడూ తెల్ల గుడ్డ టోపీ. నా మొదటి ఉద్యోగంలో మట్టిని చేత్తో నలిపి చదవడం నేర్పింది ఆయనే. అందుకే ఇప్పటికీ మాస్టారు అంటాను. ఇప్పుడాయన కంపెనీకి సలహాదారు, అంటే నేను తవ్వేదాన్ని పూడ్చే మనిషి.

"ఏమ్మా దుర్గా, పొద్దున్నే వచ్చేసేవు," అన్నారు. "ఇందులో తవ్వడానికేం లేదు. శనివారం తొమ్మిదిన్నరకి ఫోనొస్తే సిటీ నుంచి పరిగెత్తుకొచ్చేను. పోయినోడి మొహం కూడా నేనెప్పుడూ చూళ్ళేదు. కాగితాలు చూస్తే మాత్రం అంతా అద్దంలా ఉంది."

అద్దంలా ఉన్న కేసు అంటే నాకు మొదట్నుంచీ అనుమానమే, ఎవరో పనిగట్టుకుని తుడిచి ఉంటారు.

వెంకటరాముడు బల్లకి అవతల కూర్చుని ఉన్నాడు. రాయచోటి పక్క పల్లె, నలభై దాటిన మనిషి. రెండు రాత్రులుగా నిద్ర లేనట్టుంది. దర్యాప్తు అధికారి నౌమాన్ గోడ దగ్గర నిలబడి గడియారం చూసుకున్నాడు. మర్యాదస్తుడే, తెలుగు ముక్క రాదు.

ట్యాంకరు జీపీఎస్ కాగితం నా చేతిలో ఉంది. శనివారం ఐదింటికి మంచినీళ్ళు నింపిన రసీదు ఉంది. తర్వాత ఐదూ ఇరవై రెండు నుంచి ఐదూ యాభై ఆరు దాకా బండి క్యాంపు వీధిలో ఆగి ఉంది. ఆ వీధి చివరే ఉప్పునీళ్ళ గొట్టం కూడా ఉంది. మే నెల నుంచీ మంచినీళ్ళు బయట ఎవరికో అమ్ముకుని, ఉప్పునీళ్ళు నింపుకొస్తున్నాడనీ, శనివారం బండి ఆగడమే దానికి రుజువనీ కంపెనీ వాదన. ఆ ముప్పై నాలుగు నిమిషాలు ఏం చేశావని అడిగాను.

"టైరు పంచరాయ మేడమ్."

స్టెప్నీ నిన్న చూశాననీ, దాని మీద వేలిముద్ర కూడా లేదనీ చెప్పాను.

"పంచరు గాదు. కడుపులో బాగల్యాక ఆపినా."

రెండు అబద్ధాలు. రెండూ చేతకాని అబద్ధాలే. మంచినీళ్ళు అమ్ముకునే ఘటం ఇంతకన్నా బాగా అబద్ధమాడతాడు. అతని చేతులు బల్ల మీద ఉన్నాయి. అరచేతుల అంచులు, చిటికెన వేలు వైపు, తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. సున్నం తిన్న చేతులు. ట్యాంకరు తోలేవాడు స్టీరింగు పట్టుకుంటాడు, పైపు పట్టుకుంటాడు, సున్నం కలిపిన మట్టిని చేతి అంచుతో సాపు చెయ్యడు.

ఊళ్ళో ఏం పని చేసేవాడివని అడిగాను. మొదటిసారి తలెత్తాడు.

"మిద్దెలకు సవుడు ఏసేటోన్ని మేడమ్. మా నాయనదీ అదే పని. మేం ఏసిన మిద్దె కారిందని మా తట్టు ఎవురూ అనరు."

నాకు అర్థం కాలేదు. మా కోనసీమలో చవుడంటే గడ్డి కూడా మొలవని దండగ నేల. దాన్ని ఇంటి నెత్తికెందుకు ఎక్కిస్తారో మాకు తెలీదు. తెలియదని ఒప్పుకుని అడిగి ఉంటే మూడు గంటలు కలిసొచ్చేవి. అడగలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని మాత్రం చెప్పాను.

"పెట్టకపోతే ఇంకోటి అడుగుతారు మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "నేనొక్కన్ని పోయేదానికి ఇరవైమందిని ఎందుకు తీసకపోవల్ల?"

ఇంకోటి ఏమిటని ఎన్నిసార్లు అడిగినా మళ్ళీ నోరు విప్పలేదు. పది నిమిషాలు అయిపోయాయి.

బయట సోమేశ్వరరావుగారు ఇంకా అక్కడే ఉన్నారు. నాకు నోటి దురద ఎక్కువ. మా అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

"మాస్టారు, ట్యాంకరు డ్రైవరు చేతులు సున్నం తిన్నాయేంటండీ?" అన్నాను.

ఆయన నవ్వేశారు. "తాంబూలం వేసుకుంటాడేమోనమ్మా," అని, టోపీ సర్దుకుని గబగబా మెట్లు దిగిపోయారు. అంత గబగబా ఎందుకు దిగారో ఆ క్షణంలో ఆలోచించలేదు.

పదీ నలభైకి మద్దమ్మ ఫోన్ చేసింది. వెంకటరాముడి భార్య. ఫింటాస్‌లో ఒక ఇంట్లో వంటపని. నిన్న మధ్యాహ్నం మామా దగ్గర, అంటే ఆ ఇంటి యజమానురాలి దగ్గర, గంట సేపు అనుమతి తీసుకుని, ఎండలో నడిచి మా ఇంటికి వచ్చిన మనిషి. తన మొగుడు ఉప్పునీళ్ళు తెచ్చే మనిషి కాదని ఒకే మాట పదిసార్లు చెప్పి వెళ్ళింది. ఈసారి నేనే అడిగాను, మిద్దెకు సవుడు వెయ్యడమంటే ఏమిటని.

"మా తట్టు మిద్దెలకు కట్టెలు పరిసి, పైన సవుడు ఏస్తారక్కా. సవుట్లోకి నీళ్ళు దిగవు. ఏటేటా వానలకు ముందు ఏసుకోవాల," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నీకొకటి సెప్తా, ఎవురికీ సెప్పాకు. క్యాంపులో మెస్సు మిద్దె కారి బియ్యం మూటలు తడుస్తాండాయని, ఆయప్ప సైటు కాడి మన్ను, ఆ తెల్ల పొడి తెచ్చి, ఊళ్ళో ఏసినట్టే ఏసినాడు. ఆడి మన్ను అచ్చం మన సవుడు మాదిరే ఉండాదంట."

ఇంకోటి ఏమిటో తెలిసింది. సైటు నుంచి చినిగిన సంచిలో మిగిలిన పొడి తెచ్చుకున్నా కంపెనీ లెక్కలో అది దొంగతనమే. దొంగతనమంటే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు, తర్వాత విమానం. మూటలు మోసినవాళ్ళూ, నిచ్చెన పట్టుకున్నవాళ్ళూ, మెస్సులో అన్నం తినే అందరూ అందులో ఉంటారు. వాళ్ళ కోసం ఈ మనిషి చావు కేసు నెత్తికెత్తుకోవడానికి సిద్ధపడ్డాడు. నాకు కోపమొచ్చింది, ఆ కోపం ఎవరి మీదో తెలియక స్టీరింగు మీద చూపించాను.

మద్దమ్మ ఇంకో మాట చెప్పింది. శనివారం పొద్దున కూడా ఆయన మిద్దె మీద నుంచి ఒక వీడియో పంపాడట. బొమ్మ మసకగా కనపడుతుంది గానీ తెరుచుకోవడం లేదట. మామా శుక్రవారం నాడు మాత్రమే నెట్ పెడుతుంది. వెంకటరాముడి ఫోను క్రేను పడ్డ గందరగోళంలో పోయింది. అంటే ఆ వీడియో ఇప్పుడు ఉన్నది ఒక్క మద్దమ్మ చేతిలోనే. ఫోన్ జాగ్రత్తగా పెట్టుకో, ఎవరికీ ఇవ్వకు అని చెప్పాను.

పదకొండూ ఇరవై ఐదు. జూన్ నెల కదా, పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదు. క్యాంపులో అందరూ గదుల్లో పడుకుని ఉన్నారు. మెస్సు వంటమనిషి నాగేశ్వర నిచ్చెనని వంటగదిలోనే తాళం వేసి పెడతాడు. నేనెందుకొచ్చానో చెప్పగానే అతని మొహం పాలిపోయింది. మీ మీద కేసు పెట్టడానికి కాదు, వెంకటరాముణ్ణి బయటికి తేవడానికని చెప్పాక తాళం తీశాడు. శనివారం తెల్లవారుజామున వెంకటరాముడూ మాబూ కలిసి పైకెక్కారట. తను పిండి కలుపుతూ పట్టించుకోలేదట. వాళ్ళు దిగాక నిచ్చెన తాళం వేసి మళ్ళీ తీయలేదు.

"పైన రెండు అతుకులు ఉంటాయి మేడమ్," అన్నాడు. "మొదుటిది ఉక్కు మాదిరి ఉండాది. రెండోది పొంగింది. బాగు జేస్తా జేస్తా అంటాండె."

మిద్దె మీద చెప్పు కాలేట్టుంది. నీళ్ళ ట్యాంకు కింద తడి ఆరకుండా ఉంది. ఆ తడి చుట్టూ ఉన్నాయి అతుకులు. రెండు కాదు, మూడు.

మొదటిది చాప అంత ఉంటుంది. గోరుతో గీరితే గోరే అరిగింది. రెండోది మధ్యలో లేచి, పెనం మీద పుల్కాలా ఉబ్బి, కర్రతో తడితే డొల్ల శబ్దం చేసింది. మూడోది కొత్తది, అన్నం పళ్ళెం అంత, ట్యాంకు కిందికి జరిపి వేశారు. దాని మీద అప్పుడే సన్న పగుళ్ళు మొదలయ్యాయి.

మూడింటి మూలల్లోనూ పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన అక్షరాలున్నాయి. మొదటి దాని మీద "మాబు 7-3". రెండో దాని మీద "మాబు 25-4". రెండూ శుక్రవారాలే, సెలవు రోజులు.

కాళ్ళు మడత పెట్టి అక్కడే కూర్చున్నాను. ల్యాబులో పనిచేసే ఎవడైనా ఇంతే. తడి ముద్ద కనిపిస్తే తేదీ, పేరు గీయకుండా చెయ్యి ఊరుకోదు. నేనూ ఒకప్పుడు మా ఇంట్లో కొత్త గచ్చు మీద తేదీ గీసి తిట్లు తిన్నాను. తన సీమవాడి మిద్దె పనికి సాయమొచ్చిన మాబు, అది దొంగ పని అని తెలిసి కూడా, అలవాటు కొద్దీ సంతకం పెట్టేశాడు. చచ్చిపోయిన మనిషి నాకు సాక్ష్యం రాసి పెట్టి వెళ్ళాడు.

మూడో దాని మీద ఇలా ఉంది: "మాబు 14-6, 5.35".

పద్నాలుగో తేదీ, శనివారం. ఐదూ ముప్పై ఐదు. నోట్‌బుక్కులో లెక్క వేసుకున్నాను. బండి ఆగింది ఐదూ ఇరవై రెండుకి. అప్పటి నుంచి ఈ గీతకి పదమూడు నిమిషాలు, గీత నుంచి బండి కదిలేదాకా ఇరవై ఒకటి. ఉప్పునీళ్ళ గొట్టం దగ్గర ఆ ట్యాంకరు నిండడానికి పాతిక నిమిషాలు పడుతుంది. ఆ గొట్టం చేత్తో పట్టుకుని నిలబడాలి, వదిలితే జారిపోతుంది. నిన్న నేనే నిలబడి చూశాను. ఇటు పదమూడూ చాలవు, అటు ఇరవై ఒకటీ చాలవు. శనివారం వెంకటరాముడు ఉప్పునీళ్ళు నింపలేదు, కంపెనీకి ఉన్న రుజువు అదొక్కటే.

ఇక పొడి సంగతి. సుత్తితో మొదటి అతుకు అంచు కొట్టాను. తెగిన చోట లోపల నెమలి రంగు కనిపించింది, నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు. స్లాగ్ కలిపిన మట్టి గాలి తగలనంత కాలం లోపల ఆ రంగు దాచుకుంటుంది. గాలి తగిలిన కొన్ని గంటలకు పోతుంది. గబగబా ఫోటోలు తీశాను. రెండోదాన్నీ, మూడోదాన్నీ కొట్టాను. లోపల ఉత్త బూడిద రంగు. కిందికి కేకేసి నాగేశ్వరని నిమ్మకాయ తెమ్మన్నాను. నలగ్గొట్టిన మొదటి ముక్క మీద రసం పిండితే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చి అతను ముక్కు మూసుకున్నాడు. స్లాగ్‌లో గంధకం ఉంటుంది, పులుపు తగిలితే కంపు కొడుతుంది. రెండో ముక్క మీద పిండితే నురగ వచ్చింది గానీ వాసన లేదు. అది సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల్లో పేరుకునే దుమ్ము. అదీ పారబోసే సరుకే, అదీ నేలను గట్టి చేస్తుంది, కానీ అన్ని నేలలనీ కాదు. సబ్ఖాలో ఉన్న జిప్సంతో కలిసి, తడి తగిలే కొద్దీ లోలోపల ఉబ్బి మట్టిని విరగ్గొడుతుంది.

మార్చిలో సైటుకి వచ్చింది స్లాగ్. ఏప్రిల్ చివరికి సంచుల్లో ఉన్నది దుమ్ము. 'సి' మూల వేసింది మేలో.

పన్నెండూ రెండుకి కింద బండి ఆగింది. తొంగి చూస్తే తెల్ల టోపీ. సోమేశ్వరరావుగారు, వెనక పగలగొట్టే యంత్రం మోస్తున్న ఇద్దరు పనివాళ్ళు. ఆయన నిచ్చెన మొదట్లోనే నిలబడి, పైకెళ్ళి మూడూ పగలగొట్టండని వాళ్ళకి హిందీలో చెప్పారు. నా మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. అదేమిటో చూసుకునే తీరిక లేదు. నిచ్చెన చివరి మెట్టు దగ్గర అడ్డంగా కూర్చున్నాను.

"లెగమ్మా దుర్గా," అన్నారాయన పైకి చూస్తూ. "ఇది కంపెనీ క్యాంపు. అనుమతి లేని కట్టడం. నీకిక్కడేం పని?"

"ఆర్డరు కాగితం ఉందాండీ మాస్టారు?"

ఉంది. జేబులోంచి తీసి పనివాడి చేత పైకి పంపారు. కింద ఆయన సంతకం. కంపెనీ సైటు నుంచి దొంగిలించిన పొడితో క్యాంపు మిద్దె మీద చేసిన కట్టడాన్ని తొలగించమని రాసి ఉంది. రెండుసార్లు చదివి, మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

"అది వాళ్ళకి. ఇలా ఇచ్చెయ్యి."

"మీరు నేర్పిందేనండి మాస్టారు, నమూనా దొరికితే సరిపోదు, ఎక్కణ్ణుంచొచ్చిందో రాసిచ్చే మనిషి కూడా కావాలని. ఈ పొడి మీ సైటుదేనని ఇప్పుడు మీరే రాసిచ్చారు. ఒక ముక్కలో స్లాగ్ ఉంది, రెండు ముక్కల్లో దుమ్ముంది. మార్చిందెవరో మీ కంపెనీ కోర్టులో చెప్పుకుంటుంది."

ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు. ఎండ వల్ల కాదు. "అమ్మాయ్," అన్నారు, "పొడి ఏదో మిద్దె చెప్తుంది. ఆ టైముకి డ్రైవరు ఎక్కడున్నాడో మిద్దె చెప్పదు. మేకుతో ఎవడైనా ఎప్పుడైనా గీసుకోవచ్చు. నువ్వే గీసేవంటాను నేను."

అక్కడ ఊరుకుని ఉండాల్సింది. గెలిచిన ఊపులో ఉన్నాను, ఎదురుగా ఉన్నది నాకు పాఠం చెప్పిన మనిషి, ఆయన చేత ఔననిపించుకోవాలన్న పాత కక్కుర్తి ఒకటి.

"వీడియో ఉందండి. వెంకటరాముడు ఆ పొద్దున్నే వాళ్ళావిడకి పంపించాడు. ఆవిడ ఫోన్‌లో భద్రంగా ఉంది."

ఆయన పనివాళ్ళని వెనక్కి రమ్మని చెయ్యి ఊపి, బండెక్కి వెళ్ళిపోయారు. మిద్దె మీద ఇంక చెయ్యి పడదని అర్థమై నాగేశ్వర నాకు మజ్జిగ తెచ్చిచ్చాడు. నేను హాయిగా తాగాను కూడా. ముక్కలు మూటకట్టుకుని, నిచ్చెన మళ్ళీ లోపల పెట్టి తాళం వెయ్యమని చెప్పి పన్నెండూ ఇరవైకి బయల్దేరాను.

సగం దారిలో సిగ్నల్ దగ్గర ఆ ముల్లు దొరికింది.

మూడూ పగలగొట్టండి. ఆయన మిద్దె ఎక్కలేదు. కింద నుంచి మిద్దె పైభాగం కనపడదు. వంటమనిషికి తెలిసింది రెండే అతుకులు. మూడోది వేసింది శనివారం తెల్లవారుజామున, దాని గురించి తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు స్టేషనులో నోరు విప్పకుండా కూర్చున్నారు. ఇంకొకరు ఆరూ యాభైకి చనిపోయారు. అంటే ఆ గంటా పావులో మాబు ఆయనతో మాట్లాడాడు. తొమ్మిదిన్నరకి సిటీ నుంచి పరిగెత్తుకొచ్చానన్న మనిషితో, పోయినోడి మొహం కూడా చూళ్ళేదన్న మనిషితో.

వెనక బండివాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. మట్టిని చేత్తో నలిపి చూడమని నేర్పింది ఆ చెయ్యే.

పన్నెండూ నలభై నాలుగుకి స్టేషనులో ఉన్నాను. నౌమాన్ ఫోటోలు చూశాడు, ఆర్డరు కాగితం చదివించుకున్నాడు, లెక్క విన్నాడు. నాతో అరబ్బీలో, సూటిగా చెప్పాడు: ఇవన్నీ ఫైలులో పెడతాను, కానీ శనివారం ఎక్కడున్నాడో ఆ మనిషి తన నోటితో చెప్పాలి. వాంగ్మూలం కాగితం బల్ల మీద అలాగే ఉంది, పక్కన పెన్ను.

వెంకటరాముడికి ఫోన్‌లో మూడో అతుకు ఫోటో చూపించాను. "మాబు" అన్న అక్షరాల మీద వేలు పెట్టి నిమిరాడు. మెస్సువాళ్ళ మీద కేసు రాకుండా చూస్తానని, నా మీద ఒట్టుగా చెప్పాను. అప్పుడు కట్ట తెగింది.

"రెండోది పొంగింది జూసినాక మాబుకు నిద్ర పట్టల్యా మేడమ్. 'సి' మూలకు ఏసిందీ ఇదే పొడి, నీళ్ళదా తప్పు, పొడిదా తప్పు తేల్సాల అన్యాడు. శనివారం నా ట్యాంకరులోని మంచినీళ్ళతోనే నాచేత కలిపిచ్చినాడు. నేను వీడియో తీస్తాంటే అందులోనే సెప్పినాడు, రెండోదాంట్లోంచి ఊడిన ఈ ముక్కలు సోమేశ్వరరావు సారుకు సూపిచ్చి క్రేను ఆపిస్తానని. ఆయన సెప్తే కంపెనీ వింటాదంట. ఆరూ ఐదుకు గేటు కాడ దించితి. తెల్లటోపీ పెట్టుకోని ఒకాయన నిలబడుకోని ఉండె. మొగం నాకు కనపళ్ళేదు. మాబు ఉరుక్కుంటా పోయి ముక్కలు ఆయన చేతికిచ్చినాడు. మల్ల ఆయనే 'సి' మూల తట్టు చెయ్యి జూపిచ్చినాడు, పోయి కొలత తీసకరా పో అన్యట్టు."

నేను అరబ్బీలోకి మారుస్తుంటే నౌమాన్ ముందుకు వంగి రాసుకోవడం మొదలుపెట్టాడు. వీడియో ఎక్కడుందని అడిగాడు. ఫింటాస్‌లో, అరగంటలో తెస్తానన్నాను. ఆ మాట అంటుండగానే తెలిసొచ్చింది, ఆ వీడియో సంగతి నేనింకెవరికి చెప్పానో. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

ఒంటిగంటా ఐదు. నా ఫోన్ మోగింది. మద్దమ్మ.

"అక్కా, పనిలో ఉండావా?" గొంతులో సంతోషం. "ఒక సారు వచ్చినాడు, మన తెలుగాయనే, తెల్లటోపీ. మామాతో మాట్లాడి నాకు పర్మిషన్ తీసుకున్యాడు. బండి ఎక్కించుకోని స్టేషను కాడికి తీసకపోయి ఆయప్పను సూపిస్తాడంట. నా ఫోనుకు నెట్ గూడా పెట్టిస్తానంటాండాడు, ఇమ్మంటాండాడు. ఇయ్యల్నా?"

"ఇవ్వకు. మద్దమ్మా, బండి దిగు, ఇంట్లోకి—"

"ఎవరమ్మా, దుర్గేనా?" అని పక్కన మగ గొంతు వినిపించింది. "ఇటివ్వు, నేను మాట్లాడతాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. బండి తలుపులు తాళం పడ్డ చప్పుడు. తర్వాత సోమేశ్వరరావు, పాఠం చెప్పేటప్పటి అదే నింపాదితో మాట్లాడాడు.

"ఒంటిగంట దాటింది కదమ్మా. ఆ డ్రైవరు సంతకం పెట్టేడా?"

నా చూపు బల్ల మీది వాంగ్మూలం కాగితం మీదికి పోయింది.

"పెడితే పది నిమిషాల్లో వాళ్ళావిణ్ణి అక్కడ దింపేస్తాను. పెట్టకపోతే దారి కాస్త పొడుగవుద్ది. ఆలోచించుకో," అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.

నౌమాన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు, నా మొహంలోకి చూస్తూ ఏమైందని అడుగుతున్నాడు. నేను అరబ్బీ మాటలు వెతుక్కుంటున్నాను, ఎంతో తేలికైన మాటలు, ఒక్కటీ నోటికి రావడం లేదు.

"మేడమ్," అన్నాడు వెంకటరాముడు. "ఎవురు? మా మద్దమ్మేనా?"

నేను జవాబు చెప్పేలోపే, నా మొహమూ, నా చూపు ఆగిన వాంగ్మూలం కాగితమూ చూసి, కాలిన చేత్తో అతనే పెన్ను అందుకున్నాడు.